కొలపాత్రమా, త్రాసా?

నల్లరేగడిలో పండిన మన మిరపకాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డునకును, లంకభూముల పసుపు బస్తాలకెక్కి దుగ్గిరాల యార్డునకును పోయి, అచ్చటినుండి ఏ దూరనగరముననో పొడియై, రంగుల కవరులో కూర్చుండి, తిరిగి కాకుమానులోని కిరాణాకొట్టుకే వచ్చి వ్రేలాడుచుండుట చూచుచున్నప్పుడు, ఆ నడుమ జరిగిన పనినంతయు మనమే యేల చేసికొనరాదను తలంపు అప్పాపురమున గాని, కొమ్మూరున గాని, గరికపాడున గాని నలుగురు స్త్రీలు కూడిన డ్వాక్రా సంఘమున ఎప్పుడో యొకప్పుడు పుట్టక మానదు. ఆ తలంపు పిండిమర వరకు నిరాఘాటముగా నడచును. తొడిమలు తీయుట, ఎండబెట్టుట, ఆడించుట, జల్లించుట మన తల్లులకు వెన్నతో పెట్టిన విద్యలు. చిక్కు వచ్చునది ఆ తరువాత. ఆడించిన పొడిని నూరు గ్రాముల చొప్పున సంచులలో నింపవలసివచ్చినప్పుడు ఏ యంత్రమును కొనవలెనను ప్రశ్న లేచును. సంఘపు పొదుపులో పెద్దభాగము ఆ యొక్క ప్రశ్నకు చెప్పు సమాధానముపై ఆధారపడియుండును. కనుక ఈ అధ్యాయమును దానికే వినియోగించుచున్నాను.

ఆ ప్రశ్న ఇండ్లలో వినబడు తీరు వేరు. “అంతా డిజిటలే అయిపోయింది అత్తయ్యా, చేత్తో తిప్పే మిషను ఇంకా ఎవరు కొంటారు?” అని కోడలు, “కరెంటు పోతే ఆ పెట్టెను ఏం చేసుకుంటావే అమ్మాయ్?” అని అత్త. ఇద్దరి మాటయందును సత్యము కలదు. కాని ఇద్దరును యంత్రముయొక్క వయస్సునుగూర్చి వాదించుచున్నారేగాని, యంత్రము చేయు పనినిగూర్చి కాదు. క్రొత్తది గనుక మేలనుటయు, పాతది గనుక గట్టిదనుటయు రెండును నిర్ణయములు కావు, అభిరుచులు. నిర్ణయము చేయదలచినవాడు మొట్టమొదట అడుగవలసినది ఒక్కటే: ఈ యంత్రము పొడి ఆక్రమించు చోటును కొలుచుచున్నదా, పొడియొక్క బరువును తూచుచున్నదా?

ఈ భేదము మన పూర్వులకు కరతలామలకము. ఈ డెల్టాలో ధాన్యమును కొలిచిరి. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము అనునవి కొలపాత్రములు. మిరపకాయను, పసుపును, చింతపండును, బెల్లమును తూచిరి. తులము, పలము, సేరు, వీశె, మణుగు అనునవి బరువులు. ఒకే రైతు, ఒకే కళ్ళమున, వడ్లను కుంచముతో కొలిచి మిరపకాయలను వీశెలతో తూచుట ఆచారమాత్రము కాదు, దాని వెనుక గట్టి హేతువు కలదు. వడ్లగింజలు ఇంచుమించు ఒకే పరిమాణము గలవి. కుంచములో పోసి తలకొట్టినచో ప్రతిసారియు రమారమి అన్నియే గింజలు పడును. మిరపకాయయో, కడుపున గాలిని దాచికొన్నది. ఒకటి వంకర, ఒకటి పొడవు, ఒకటి నలిగినది. గంపెడు కాయలలో ఎంత కాయయో ఎంత గాలియో చెప్పతరముగాదు. అందుచేత కుదురుగా సర్దుకొను సరకునకు కొలపాత్రమును, కుదురులేని సరకునకు త్రాసును నియమించిరి. 1956 నాటి తూనికల కొలతల చట్టము దేశమునకంతకును కిలోగ్రామును తెచ్చి, 120 తులముల వీశెను (అది ఇప్పటి లెక్కలో సుమారు 1,400 గ్రాములు) వ్యవహారమునుండి తొలగించెనుగాని, ఆ వివేకమును తొలగింపలేదు. మనము కొనబోవు యంత్రములను ఆ దృష్టితోనే పరిశీలింతము.

చేతితో గాని, సామాన్యమగు మోటారుతో గాని నడచు నింపుడు మిషనులలో ప్రధానమైనవి రెండు. మొదటిది కప్పు ఫిల్లరు: గుండ్రని పలకపై అమర్చిన గిన్నెలు తొట్టిక్రిందికి వచ్చినప్పుడు పొడితో నిండి, అంచున నున్న పట్టీచేత తలకొట్టబడి, ముందునకు జరిగి సంచిలోనికి దిగును. రెండవది ఆగర్ ఫిల్లరు: గరాటువంటి తొట్టి నడుమ మరచుట్టు గల ఇనుపకడ్డీ తిరుగుచుండును, ఎన్ని చుట్లు తిరిగిన అంత పొడి క్రిందికి నెట్టబడును. గిన్నెయైనను మరచుట్టైనను కొలుచునది చోటునే. అనగా ఇవి మన మానికకును సోలకును సంతానము. వీని గుణములు సామాన్యములు కావు. వేగముగా నింపును, చెడినచో లోపము కంటికి కనబడును, అరిగిన పళ్ళచక్రమును తెనాలిలోనో పొన్నూరులోనో లేతుమిషను పెట్టుకొన్న పనివాడు సరిచేసి యీయగలడు, చేతితో త్రిప్పు నమూనాయైనచో కరెంటు పోయినను పని ఆగదు.

వీని దౌర్బల్యమంతయు పొడియందున్నది. పసుపును ఉదాహరణముగా తీసికొందము. మెత్తగా ఆడించి జల్లించిన పసుపును ఒక స్టీలు గ్లాసునిండ పోసి, అంచువరకు తలకొట్టి తూచుడు. పిమ్మట ఆ గ్లాసును బల్లపై నాలుగుసార్లు నెమ్మదిగా తట్టుడు. పొడి దిగబడి అంచుక్రింద వ్రేలెడు ఖాళీ తేలును. ఆ ఖాళీని మరల నింపి తూచినచో గ్లాసు మునుపటికన్న బరువుగా నుండును. గ్లాసు మారలేదు, పసుపు మారలేదు. రేణువుల నడుమనున్న గాలి మాత్రము వెడలిపోయినది. యంత్రముయొక్క తొట్టిలోను ఇదియే జరుగును. తొట్టి నిండుగా ఉన్నప్పుడు పైబరువుచేత అడుగు పొడి అదిమికొని గిన్నెలో ఎక్కువ పడును. తొట్టి అడుగంటుచున్నప్పుడు వదులై తక్కువ పడును. అప్పుడే మరనుండి వచ్చిన వేడిపొడి గాలిని పీల్చి పొంగియుండును. రాత్రియంతయు ఆరిన పొడి అణగియుండును. బాపట్ల వైపునుండి సముద్రపుగాలి తిరిగిన సాయంకాలమున తేమ తగిలిన కారము ఉండలు కట్టి గిన్నె అంచులకు అంటుకొనును. నూనె పట్టించి దంపిన కారముయొక్క తీరు వేరు, గింజలు తీసి ఆడించిన కారముయొక్క తీరు వేరు. ఉదయము పది గంటలకు సరిగా నూరు గ్రాములు వేసిన గిన్నె మధ్యాహ్నము మూడింటికి తొంబదియైదు వేసినచో అది గిన్నెయొక్క దోషము కాదు. దానికి బరువనునది తెలియనే తెలియదు; తెలిసినట్లు మనము భావించుటయే దోషము.

ఇక త్రాసుజాతి యంత్రములు. ఎలక్ట్రానిక్ కాటాకు ప్రాణము లోడ్‌సెల్ అను చిన్న లోహపు దిమ్మ. బరువు పడగనే ఆ దిమ్మ కంటికి కనబడనంతగా వంగును; దానికంటించిన సన్నని తీగపట్టీ సాగి, దాని విద్యుత్ నిరోధము మారును; ఆ మార్పే అంకెలుగా వెలుగును. ఇట్టి పట్టీని అమెరికాలో 1938 ప్రాంతమున ఎడ్వర్డ్ సిమ్మన్స్, ఆర్థర్ రూగ్ అను ఇరువురు ఒకరితో నొకరికి సంబంధములేకుండ కనిపెట్టిరి. దీనిని నింపుడు మిషనునకు జతచేసినప్పుడు యంత్రము మొదట ధారగా పోసి, నిర్ణీత బరువునకు చేరువకాగానే ధారను సన్నగించి, చివర చిటికెడు చిటికెడుగా రాల్చి ఆపును. గాలిలో పడుచున్న పొడి ఇంకను కాటాపై చేరలేదు గనుక, దానిని ముందే లెక్కించి కొంచెము ముందుగా ఆగుటయు ఆ యంత్రమునకు నేర్పబడియుండును. తొట్టి నిండియున్నను, అడుగంటినను, పొడి పొంగినను, అణగినను సంచిలో పడునది బరువుప్రకారమే.

అయినను ఇది నిరపాయమైన వరము కాదు. లోడ్‌సెల్ సున్నితమైన ప్రాణి. స్విచ్చి వేసిన వెంటనే అది నిలకడగా ఉండదు, కొంతసేపు వేడెక్కనీయవలెను. ప్రక్కగదిలో పిండిమర తిరుగుచున్నచో నేల అదరి అంకె ఊగిసలాడును. పైన ఫ్యాను తిరుగుచున్నచో గాలియే గ్రాములుగా కనబడును. తెనాలి బంగారపు కొట్లలో కాటాను అద్దాల పెట్టెలో ఉంచుట అందులకే. వోల్టేజి ఎగుడుదిగుళ్ళచేత అంకెలు తప్పును. కారపుధూళి సందులలో చేరినచో దిమ్మ స్వేచ్ఛగా వంగలేదు. చెడినప్పుడు లోపమేదో కంటికి కనబడదు. కార్డు మార్చవలెననువాడు ఎంత దూరమునుండి రావలెనో, వచ్చులోపల ఆర్డరు ఏమగునో కొనుటకు ముందే ఆలోచింపవలెను.

ఇంతకన్న ముఖ్యమైన విషయమొకటి కలదు; అమ్మువారు సాధారణముగా దీనిని విప్పి చెప్పరు. ధారగా పోసి తూచి ఆపు చౌకరకపు కాటాఫిల్లరులలో అనేకములు అదురుపలకతో పనిచేయును. అనగా పలక వణకుచుండగా సరకు జారి క్రిందికి దిగవలెను. బొంబాయిరవ్వ, ఆవాలు, పంచదార, పప్పులు ఇందులో ముచ్చటగా జారును. పసుపు, మెత్తని కారము, శనగపిండి జారవు. పలకను కరచికొనును, లేదా ముద్దగా కదలి ఒక్కసారి కుప్పకూలును. మెత్తని పొడికి మరచుట్టు కడ్డీయే గతి. కాగా, ఇప్పటి ఆగర్ ఫిల్లరులకు ముందుభాగమున అందమైన డిజిటల్ తెర యుండుటచేత, అది ఎలక్ట్రానిక్ మిషనని పలువురు భ్రమపడుచున్నారు. ఆ తెరపై కనబడు అంకె అనేక యంత్రములలో గ్రాములు కాదు; కడ్డీ తిరుగవలసిన చుట్లు, లేక తిరుగవలసిన క్షణములు. తెర యెంత మెరసినను అది కొలపాత్రమే. అందుచేత అమ్మువానిని అడుగవలసిన ప్రశ్న “ఇది డిజిటలా?” అని కాదు, “సంచి నిండుతున్నప్పుడు దాని కింద కాటా ఉందా?” అని.

కొలపాత్రమునకు త్రాసునకు గల ఈ పేచీ మన పొడులకే పరిమితము కాదు. అమెరికాలో లైసెన్సుగల వేటగాండ్రును, గురికాండ్రును కాల్చిన తూటాగొట్టములను మరల తామే మందుతో నింపుకొను అలవాటు కలదు; మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము అనుమతిలేని తూటాతయారీని నిషేధించినది. వారు మందును తూచు ప్రమాణము గ్రెయిన్. పౌనునకు 7,000 గ్రెయిన్లు, అనగా ఒక్కొక్కటి ఇంచుమించు 65 మిల్లీగ్రాములు. వారియందును తిరుగుడుగిన్నెతో చోటును కొలుచు చేతియంత్రమును, మోటారుతో రాల్చి బరువును తూచు ఎలక్ట్రానిక్ యంత్రమును గలవు. వేగమునకు మొదటిదియు, ఖచ్చితత్వమునకు రెండవదియు పేరుపొందినవి. కాని ఎక్కువైన మందు తుపాకిని పగులగొట్టి చేతిని తీయును గనుక, అనుభవజ్ఞులు ఏ యంత్రమును వాడినను దానిని నమ్మి ఊరకుండక, వేరొక త్రాసుపై మరల మరల సరిచూచుకొందురు. మన పొడి ఎవరి చేతిని తీయదు. అయినను ఆ రెండవ త్రాసుయొక్క అలవాటు మనకును అంతే అవసరమని నా దృఢవిశ్వాసము.

ఏలననగా, తక్కువ తూకముయొక్క భారము ఎవరిపై పడునో ఆలోచింపుడు. కిలో డబ్బా కొనువాడు అయిదు గ్రాములు తగ్గినను ఎరుగడు, ఎరిగినను బాధపడడు. మిరపకోతకు పోయి వచ్చుచు, కూలిడబ్బులలోనుండి చిన్నప్యాకెట్టు కొనుకొన్న స్త్రీకి ఆ అయిదు గ్రాములు ఒక పూట కూర. ఆమెకు ఇంటిలో కాటా లేదు. ప్యాకెట్టుపై ముద్రించిన అంకెయే ఆమెకు సాక్షి. ఆ సాక్షి అబద్ధమాడినచో ఆమె ఎవరితో చెప్పుకొనును? ధనము సంపాదించుటెట్లో నేర్పు పుస్తకములు వెయ్యి గలవు. ఆ స్త్రీ ఎదుట తల యెత్తి నిలుచునట్లు సంపాదించుటెట్లో నేర్చుకొనుటకే మనమీ పుస్తకమును తెరచితిమి.

చట్టముకూడ ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము క్రింద 2011లో వెలువడిన ప్యాకేజీ సరకుల నియమములప్రకారము, 100 గ్రాముల ప్యాకెట్టులో లోటు 4.5 గ్రాములవరకు, 200 గ్రాములదానిలో 9 గ్రాములవరకు, 500 గ్రాములదానిలోను కిలోదానిలోను 15 గ్రాములవరకు క్షమార్హము. ఇది యంత్రముయొక్క చాపల్యమునకిచ్చిన సడలింపేగాని, ప్రతి ప్యాకెట్టులోను నాలుగు గ్రాములు తగ్గించుకొమ్మని యిచ్చిన అనుమతి కాదు. మొత్తముమీద సగటు, ప్రకటించిన బరువునకు తగ్గరాదు. ఇక్కడనే యంత్రనిర్ణయము లెక్కలోనికి దిగును. మీ గిన్నె ఒకప్పుడు 97, ఒకప్పుడు 103 గ్రాములు వేయుచున్నదనుకొందము. భయపడి, తక్కువ పడిననాడును నూరు ఉండునట్లు గిన్నెను పెంచితిరా, సగటున ప్యాకెట్టునకు 3 గ్రాములు ఊరక పోవును. వెయ్యి ప్యాకెట్లకు 3 కిలోలు, అనగా ముప్పది ప్యాకెట్ల సరకు. త్రాసుయంత్రమునకు చెల్లించు అధికధనము ఈ మూడేసి కిలోలనుండి తిరిగి రావలెను. రోజునకు నూరు ప్యాకెట్లు కట్టు సంఘమునకది యెంతకాలమునకు తిరిగివచ్చునో, రెండువేలు కట్టు సంఘమునకెంతకాలమునకు తిరిగివచ్చునో కాగితముపై వేసికొన్నచో సగము తగవు అక్కడనే తీరును.

నా అభిప్రాయము నిర్మొహమాటముగా చెప్పుచున్నాను. నేడు కారము, రేపు పసుపు, ఎల్లుండి కందిపొడి, పండుగలకు కరివేపాకు పొడి, ఇట్లు నాలుగైదు రకములు కొద్దికొద్దిగా చేయు సంఘము నింపుడు మిషనును అసలే కొనవద్దు. ఒక రకమునుండి ఇంకొక రకమునకు మారునప్పుడెల్ల తొట్టిని, కడ్డీని కడిగి ఆరబెట్టుటలోనే పూట గడచును. కడుగకున్నచో పసుపులో కారము కలియును. వారికి కావలసినది మంచి కాటా, స్టీలు చెంచాగరిటె, ఇద్దరు మనుష్యులు. ఒకరు గరిటెతో పోసి సంచిని కాటాపై పెట్టవలెను, రెండవవారు చిటికెడు చేర్చియో తీసియో సీలింగుమిషనునకు అందీయవలెను. చేయి తిరిగిన తరువాత ఆ గరిటె ఇంచుమించు సరిగా తెచ్చును. చిటికెడు మాత్రమే కాటా చెప్పవలసియుండును. ఒకే పొడిని, ఒకే పరిమాణమున, దినమంతయు నింపవలసిన ఆర్డరు నిలకడగా వచ్చుచున్నప్పుడు ఆగర్ ఫిల్లరును కొనవచ్చును. అప్పుడును దాని ప్రక్కన కాటా యుండి, పదియిరువది ప్యాకెట్లకొకదానిని తూచి నోటుపుస్తకమున వ్రాయుచుండవలెను, తొట్టిలో పొడిని ఎప్పుడును ఒకే యెత్తున నిలుపుచుండవలెను. తూచుచు నింపు ఆగర్ యంత్రము ఆ పుస్తకములోని అంకెలు కోరిననాడు కొనదగినది, అంతకుముందు కాదు. 2020లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన సూక్ష్మ ఆహారపరిశ్రమల పథకమున యంత్రపు ఖర్చులో నూటికి 35 పాళ్ళు, 10 లక్షలకు మించకుండ సబ్సిడీ యిచ్చు ఏర్పాటు చేసిరి. సబ్సిడీ వచ్చుచున్నదని పెద్ద యంత్రమును కొనుట మాత్రము పొరపాటు. మిగిలిన 65 పాళ్ళు మనవియే.

కాటా కొనునప్పుడు దాని ఫలకమును చదువుడు. ఆంగ్లపు ‘ఈ’ అక్షరమెదుట నున్న అంకె ఆ కాటా గుర్తింపగల మెట్టు. వ్యాపారమునకు వాడు మూడవ తరగతి కాటాలలో ఆ మెట్టునకు ఇరువది రెట్లకన్న తక్కువ బరువును తూచరాదు. అయిదు గ్రాముల మెట్టుగల కూరగాయల కాటాకు కనిష్ఠ తూకమే 100 గ్రాములు. దానిపై 100 అని కనబడినది నిజమునకు 98యో 102యో కావచ్చును. పొడులకు ఒక గ్రాము మెట్టునకు మించనిది కావలెను. ఖాళీసంచిని పెట్టి సున్న చేసిన పిదపనే పొడి పోయవలెను. సంచి బరువును పొడిగా లెక్కించువాడు తెలిసియో తెలియకయో పరుల సొమ్ము తినుచున్నాడు. తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేట పడవలెను. ముల్లుత్రాసునకును, తూకపురాళ్ళకును రెండేండ్లకొకసారి. ముద్రపడిన 100 గ్రాముల రాయి నొకదానిని కొని, ప్రతి ఉదయము కాటా వేడెక్కిన తరువాత పళ్ళెము నడుమను, నాలుగు మూలలను పెట్టి చూడుడు. ఎక్కడ పెట్టినను ఒకే అంకె రాకున్నచో ఆనాడు పని ఆరంభింపవలదు.

ఇక ఫిల్లరే కొనదలచినవారు గుంటూరునకో విజయవాడకో బయలుదేరునాడు చేతులూపుకొంటు పోరాదు. మీ మరలో ఆడించిన మీ కారము పది కిలోలు, మీ పసుపు పది కిలోలు, మీ సంచులు, మీ కాటా, ముద్రపడిన మీ రాయి వెంట తీసికొనిపొండు. దుకాణమువాడు చూపు పొడి ఎండి, జల్లింపబడి, ఆ యంత్రమునకు అలవాటుపడినది. దానిపై ఏ యంత్రమైనను అందముగా నడచును. మీ పొడిని తొట్టినిండ పోయించి, తొట్టి ఖాళీయగువరకు నింపించి, మొదటి పది, నడిమి పది, చివరి పది ప్యాకెట్లను మీ కాటాపై తూచి, ముప్పది అంకెలను వరుసగా వ్రాసికొనుడు. మొదటి పదికిని చివరి పదికిని భేదమెంత? ముప్పదింటిలో అతితక్కువ యేది, అతియెక్కువ యేది? పిమ్మట తొట్టిని విప్పించి, కడ్డీని బయటకు తీయించి, మీరే తుడిచి మరల బిగింపుడు. అమ్మువాని పనివాడు కాదు, రేపు దానిని నడుపబోవు అమ్మాయి బిగింపవలెను. ఆమెకు స్పానరు పట్టు కుదిరినదా, పసుపు యే మూల చిక్కుకొన్నది, ఎంతసేపు పట్టినది, అవియు ఆ కాగితముననే వ్రాయించి, అడ్వాన్సు మాట అప్పుడెత్తుడు.